ఆర్వీ లిథియం బ్యాటరీకి ఫ్యూజు ముందా, కటాఫ్ స్విచ్ ముందా?

ఆర్వీలో, అంటే ఇల్లులా అమర్చుకున్న బండిలో, రెండు 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలు ప్యారలల్‌లో కలిపాను, 2000 వాట్ల ఇన్వర్టర్ ఉంది, సోలార్ ఉంది, ఫ్యూజు ముందు రావాలా స్విచ్ ముందు రావాలా అని అడిగారు. ఫ్యూజే ముందండి. బ్యాటరీ ప్లస్‌కి ఎంత దగ్గరగా పెట్టగలిగితే అంత దగ్గరగా. పడవల వైరింగుకు అమెరికా పడవల సంస్థ ఏబీవైసీ ప్రమాణం మామూలుగా 7 అంగుళాల లోపు అంటుంది. అది పడవల కోసం రాసిందే అయినా నా బండికీ అదే కొలత పట్టుకున్నాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదటిసారి వైరింగ్ చేసుకున్నప్పుడు నేను ఫ్యూజును ఇన్వర్టర్ పక్కన బిగించాను. కాపాడుకోవాల్సింది ఇన్వర్టర్‌నే అనుకున్నాను. బ్యాటరీ నుంచి అక్కడిదాకా మీటరున్నర కేబుల్, దారిలో ఒక ఇనుప రేకుకు వేసిన రంధ్రంలోంచి పోయేది. కొన్ని నెలలు తిరిగాక ఒకరోజు గతుకుల రోడ్డు మీద లోపల కరెంటంతా ఒక్కసారిగా పోయింది. చూస్తే ఫ్యూజు చెక్కుచెదరలేదు. వెతగ్గా వెతగ్గా ఆ రంధ్రం దగ్గర కేబుల్ తొడుగు రాపిడికి అరిగిపోయి, రాగి బయటపడి, రేకు అంచు నల్లగా మాడి ఉంది. షార్ట్ అయింది ఫ్యూజుకు ఇవతల, బ్యాటరీ వైపు. ఆ కరెంటు ఫ్యూజు దాకా వెళ్లనే లేదు. ఆ రోజు బ్యాటరీ లోపల ఉండే కాపలా సర్క్యూట్ (బీఎంఎస్) పసిగట్టి ఆపేసింది కాబట్టి బండి మిగిలింది. ఫ్యూజు వైరు కోసమని, వైరు ఎక్కడ మొదలవుతుందో అక్కడే ఉండాలని నాకు అప్పుడు తెలిసింది.

బీఎంఎస్ ఉంది కదా అని మాత్రం ఊరుకోకండి. అందులో కరెంటును ఆపేవి మాస్‌ఫెట్‌లు, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు. అవి కాలిపోతే చాలాసార్లు లోపలే షార్టయి, దారి తెరిచినట్టే ఉండిపోతాయి. ఇక ఆపేవాళ్లుండరు.

ఇప్పుడు ఏ ఫ్యూజు అన్నది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి లోపలి నిరోధం చాలా తక్కువ, షార్టయితే వేల ఆంపియర్లు దూకుతాయి. అంత కరెంటును తెంచే శక్తి ఫ్యూజుకు ఉండాలి. మెగా ఫ్యూజు సాధారణంగా 2,000 ఆంపియర్ల వరకే తెంచగలదు. క్లాస్ టీ ఫ్యూజు 20,000 దాకా తెంచుతుంది. బ్యాటరీ టెర్మినల్ మీదే కూర్చునే ఎంఆర్‌బీఎఫ్ ఫ్యూజు 14 వోల్టుల దగ్గర 10,000. నేను ఒక్కో బ్యాటరీకి ఒక ఎంఆర్‌బీఎఫ్ పెట్టి, రెండూ కలిశాక మెయిన్‌గా క్లాస్ టీ వేశాను. ఒక్కో బ్యాటరీకి విడిగా ఎందుకంటే, ఒకదాని సెల్ చెడితే రెండోది తన కరెంటంతా దాంట్లోకే పోస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. 2000 వాట్లను 12 వోల్టులతో భాగించి, ఇన్వర్టర్ 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే సుమారు 185 ఆంపియర్లు. వెసులుబాటుకు పావు వంతు కలిపితే 231, అంటే 250 ఆంపియర్ల ఫ్యూజు. దానికి తగ్గ కేబుల్ నేను 70 చదరపు మిల్లీమీటర్లది వాడాను. సన్న కేబుల్‌కి పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజు కంటే ముందు కేబులే కాలుతుంది. ఒక్కో బ్యాటరీ బీఎంఎస్ 100 ఆంపియర్లే ఇస్తుందా చూసుకోండి. ఒకటి ఆగిపోతే మొత్తం బరువు రెండోదాని మీద పడి అదీ ఆగుతుంది.

మెయిన్ ఫ్యూజు తర్వాత స్విచ్, ఆ తర్వాత బస్‌బార్ (అన్ని లైన్లూ కలిసే లోహపు పట్టీ), అక్కణ్ణుంచి ఒక్కో లైనుకు దాని వైరుకు తగ్గ ఫ్యూజు. స్విచ్‌ను చీకట్లో తడిమినా చెయ్యి అందే చోట పెట్టండి, సామాన్ల వెనక కాదు. డీసీ రేటింగ్ ఉన్నదే కొనండి. ఏసీలో కరెంటు సెకనుకు కనీసం వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ తెరిచేటప్పుడు లేచే ఆర్క్ (నిప్పు మెరుపు) దానంతటదే ఆరుతుంది, డీసీలో అలా ఆరదు. ఇన్వర్టర్ ఆపాకే స్విచ్ తిప్పండి. మళ్లీ వేసేటప్పుడు ఇన్వర్టర్ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగి స్విచ్ కాంటాక్టుల దగ్గర ఠప్‌మని నిప్పురవ్వ లేపుతాయి. ముందు కొన్ని సెకన్లు ఒక రెసిస్టర్ గుండా వాటిని నింపితే ఆ బాధ ఉండదు.

సోలార్ ప్యానెళ్లకు వేరే స్విచ్ ఉండాల్సిందే. మెయిన్ ఆపే ముందు దాన్ని ఆపండి, లేకపోతే బ్యాటరీ లేని బస్‌బార్ మీదికి సోలార్ ఛార్జ్ కంట్రోలర్ వోల్టేజీ ఎగదన్నొచ్చు. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే వైరుకైతే రెండు చివరలా ఫ్యూజు కావాలి, ఎందుకంటే రెండు పక్కలా బ్యాటరీలే.

గ్యాస్ లీకు డిటెక్టర్‌ను మాత్రం స్విచ్ తర్వాత కలపకండి. మెయిన్ ఫ్యూజుకూ స్విచ్‌కూ మధ్య నుంచి, దాని సొంత చిన్న ఫ్యూజుతో తీసుకోండి. స్విచ్ ఆపి పడుకున్న రాత్రి కూడా అది పనిచేయాలి. మీది వెనక తగిలించి లాగే ట్రైలర్ అయితే, కొక్కెం ఊడినప్పుడు పడే బ్రేక్ వైరు కూడా స్విచ్‌కు ముందే ఉండాలి.

బోల్టుల దగ్గర లగ్‌కీ (కేబుల్ చివరి రింగు) ఫ్యూజుకీ మధ్య వాషర్ పెట్టొద్దు, స్టీలు వాషర్ అడ్డుపడితే అక్కడే వేడెక్కుతుంది. వాషర్ నట్టు కిందే ఉండాలి. మొదటి ప్రయాణం నుంచి రాగానే ఇన్వర్టర్, సోలార్, ఆ తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకుని, ప్రతి నట్టూ మళ్లీ ఒకసారి బిగించండి. నావి రెండు వదులయ్యాయి.