సందేహాలు – సమాధానాలు: కొత్త జాతిని గుర్తించారా, తేల్చారా?

సందేహం: పోలండ్‌లో దొరికిన ఒక శిలాజం గురించి మా బడి గోడపత్రికలో ఒక విద్యార్థి రాశాడు. ‘23 కోట్ల ఏళ్ల నాటి కొత్త పెండ పురుగు ప్రజాతిని గుర్తించిన శాస్త్రవేత్తలు’ అని శీర్షిక పెట్టాడు. ‘పెండ’ను ‘పేడ’ అని, ‘పురుగు’ను ‘భృంగం’ అని దిద్దాలన్నారు తోటి ఉపాధ్యాయులు ఒకరు. అంత పాత పురుగు కొత్తది ఎట్లవుతుందన్నారు ఇంకొకరు. ఏది సరి? మన గుట్టల్లోనూ ఇలాంటివి దొరుకుతాయా అని పిల్లలు అడుగుతున్నారు.
– జీవశాస్త్ర ఉపాధ్యాయిని, దేవరకొండ

సమాధానం: ‘పెండ’ను ముట్టుకోకండి. పాత రాతలో ‘పేఁడ’ అని అరసున్నతో రాసేవారు. ఆ సున్న మన పలుకుబడిలో నిండుగా నిలిచింది, అంతే. అది తప్పుమాట కాదు, దిద్దాల్సిన మాట అంతకన్నా కాదు.

అయినా ఆ శీర్షికలో ‘పెండ పురుగు’ తప్పే. ఎందుకో చెప్పాలంటే ఆ శిలాజం సంగతి కొంత చెప్పుకోవాలి. 2021లో ప్రకటించిన ఆ పురుగు పేరు ట్రయామిక్సా కొప్రొలిథికా. పోలండ్‌లోని క్రాషెయూవ్ అనే చోట రాయిగా మారిన పెండలో దొరికింది. ఆ పెండ బహుశా సైలీసారస్ అనే డైనోసార్ల దగ్గరి బంధువుది. అది పురుగులను తిన్నది, అరగనివి బయటికి వచ్చాయి. అంటే ఇది పెండను తిని బతికిన పురుగు కాదు. పెండలో దొరికిన పురుగు. దీనికి దగ్గరివైన నేటి పురుగులు తడి చోట్ల నాచు తిని బతుకుతాయి. తెలుగు సమాసంలో విభక్తి లోపిస్తుంది కనుక ‘పెండ పురుగు’ అనగానే పెండే దాని బతుకు అనుకుంటాం. బియ్యంలో పడ్డ ప్రతి పురుగునూ బియ్యపు పురుగు అనం గదా. మీ విద్యార్థి సమాసం కట్టడంలో తొందరపడ్డాడు, ఆ తొందర పత్రికలవాళ్లకూ ఉన్నదే.

‘భృంగం’ అసలే వద్దు. మన కావ్యాల్లో భృంగం అంటే తుమ్మెద. హిందీ శాస్త్ర పుస్తకాల్లో ‘భృంగ్’ ఈ పురుగులకు వాడతారు, అక్కడి నుంచి వచ్చి ఉంటుంది. మనకు ‘పెంకు పురుగు’ ఉండగా ఇంకోటి ఎందుకు? ముందు రెక్కల జత పెంకులా గట్టిపడి వెనుక రెక్కలను కప్పి ఉంచడమే ఈ గుంపు లక్షణం. బియ్యంలోని ముక్కు పురుగు, చేన్లో పేనుబంకను తినే అక్షింతల పురుగు, మిణుగురు, అన్నీ పెంకు పురుగులే. తొలకరికి నేలమీద ఎర్రగా పాకే ఆరుద్ర మాత్రం కాదు. దానికి ఎనిమిది కాళ్లు, అది పురుగుల లెక్కలోకే రాదు.

‘ప్రజాతి’ కూడా హిందీ నుంచి దారితప్పి వచ్చిన మాటే. హిందీ వార్తల్లో ‘ప్రజాతి’ అంటే జాతి. మన పాఠ్యపుస్తకాల్లో కొన్ని జాతులు కలిసిన పెద్ద గుంపును ప్రజాతి అంటాం. ట్రయామిక్సా అన్నది ప్రజాతి పేరు, రెండు మాటలూ కలిస్తే జాతి పేరు. విచిత్రమేమంటే ఈ పురుగు విషయంలో రెండూ కొత్తవే. దీనికోసం కొత్త కుటుంబాన్నే, అంటే ప్రజాతికన్నా పెద్ద గుంపునే ఏర్పరచారు. అయినా పిల్లవాడు చెప్పదలచింది జాతి గనుక జాతి అనే రాయించండి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అమ్రాబాద్ ప్రాంతపు పొడ తూర్పు ఎద్దులనూ ‘జాతి’ అనే అంటాం. అది పశువుల్లో ఒక రకం, ఇతర ఎద్దులతో కలిసి ఒకే జీవశాస్త్ర జాతి. తరగతిలో ఆ తేడా చెప్పాలి.

‘కొత్త’కు అభ్యంతరం అక్కరలేదు. కొత్త అల్లుడు నిన్న పుట్టినవాడా? మన ఇంటికి కొత్త. అయితే ‘కొత్త’ జాతికే అంటుకుని ఉండాలి, ‘కొత్త పురుగు’ అంటే మీ సహోద్యోగి అడిగినట్టే అడుగుతారు.

అసలు నేను పట్టుకోదలచింది క్రియను. ‘గుర్తించు’లో ‘గుర్తు’ ఉంది. ఇంతకు ముందు చూసిన ఆనవాలు ఉంటేనే గుర్తిస్తాం. వేలిముద్రతో దొంగను గుర్తించడం అలాంటిది. కొత్త జాతి విషయంలో జరిగేది దీనికి తలకిందులు. ఈ పురుగు పొడవు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. రాయిని పగలగొట్టకుండా, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రం ఇచ్చే బలమైన ఎక్స్‌రేలతో లోపలి రూపాన్ని తీశారు. కొన్నింటికి కాళ్లు, మీసాలు కూడా చెక్కుచెదరలేదు. పెంకు, మీసాల కణుపులు, పొట్ట కింది పలకలు, అన్నిటినీ తెలిసిన పురుగులతో పోల్చారు. దేనితోనూ కుదరలేదు. అంటే గుర్తుపట్టలేకపోవడమే ఇక్కడ ఫలితం. కుదరనప్పుడే లక్షణాలు రాసి, ఒక నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిపి, పేరుపెట్టి ప్రచురిస్తారు. జంతువుల పేర్లకు ఈ లెక్క 1758 నాటి స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ గ్రంథంతో మొదలవుతుంది. కాబట్టి ‘కొత్త జాతి అని తేల్చారు’ అనాలి. పెండరాయి విషయంలో ‘కనుగొన్నారు’ బాగుంటుంది, అది కంటికి కనబడి దొరికింది కదా. ఇక తెలిసిన జాతే శిలాజంగా దొరికిందనుకోండి, అప్పుడు ‘గుర్తించారు’ అనండి, ఎవరూ తప్పుపట్టరు. ‘గమనించారు’ అనే అర్థంలో ‘గుర్తించారు’ నేడు విరివిగా నడుస్తోంది. దాన్ని వ్యాకరణదోషం అనను, ఇక్కడ అర్థం మసకబారుతుందనే అంటున్నాను.

ఆంగ్ల వార్తలో 230 మిలియన్లు ఉంటే 23 కోట్లు. మీ విద్యార్థి ఇది సరిగ్గా రాశాడు, చాలా పత్రికలకన్నా నయం.

పిల్లల ప్రశ్నకు: నల్లగొండ, మహబూబ్‌నగర్ గుట్టల్లో ఎక్కువ భాగం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. అది కరిగిన రాతిముద్ద గట్టిపడి ఏర్పడింది, పైగా అప్పటికి పురుగులే లేవు. శిలాజానికి బురద పేరుకుని రాయైన పొరలు కావాలి. మన రాష్ట్రంలోనే ప్రాణహిత–గోదావరి లోయలో, జురాసిక్ కాలపు కోటా పొరల్లో, పురుగుల శిలాజాలు దొరికాయి. కోటసారస్ అనే డైనోసార్ కూడా అక్కడిదే. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, దేవరకొండ నుంచి ఒక్కరోజులో చూసి రావచ్చు.