గది ఎక్కడైనా సరే, తలుపు గడియ పడాలి

ప్రశ్న: అమ్మా, ఈ మాఘమాసంలో కాకినాడలో నా పెళ్లి. ముహూర్తం రాత్రి 11:40కి. మర్నాడు అన్నవరంలో వ్రతం, ఆ రాత్రే కార్యం, అంటే శోభనం, మా ఇంట్లో అంటున్నారు. మాది రెండు గదుల ఇల్లు, అప్పటికి ఇరవై మంది చుట్టాలుంటారు. ఆయనేమో హోటల్లో గది తీసుకుందామంటున్నారు. ‘ఆడపిల్ల వాళ్లింట్లో జరగాల్సింది హోటల్లోనా? అడిగిన వాళ్లకి ఏం చెప్పను?’ అని మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఏం చెయ్యాలి?

జవాబు: తల్లీ, నా పెళ్లి 1987లో అమలాపురంలో అయింది. మేడ మీద గదికి పూలు కట్టారు, పందిరి మంచం వేశారు, అన్నీ బావున్నాయి. తలుపు గడియ మాత్రం పడలేదు. ఆయన నా ట్రంకు పెట్టె జరిపి తలుపుకి అడ్డం పెట్టారు. కింద వరండాలో పడుకున్న పెద్దత్తయ్య దగ్గు తెల్లవార్లూ వినిపిస్తూనే ఉంది. మేమిద్దరం గుసగుసగా నాలుగు మాటలు కూడా చెప్పుకోలేదు. పొద్దున్న మెట్లు దిగుతుంటే కింద కూర్చున్న పదిమందీ ఒక్కసారి నా మొహంలోకి చూశారు. ఆ చూపులు ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే చెబుతున్నాను, ఇల్లా హోటలా అన్నది తర్వాత. గడియ పడే తలుపు, గదిలోనే బాత్రూమ్, పొద్దున్న ఎవరూ తలుపు కొట్టని చోటు, ఈ మూడూ చూసుకో.

అంతకన్నా ముందు, ఆ రాత్రే ఎందుకు? అర్ధరాత్రి ముహూర్తం, తెల్లవారుజామున అప్పగింతలు, మళ్లీ తలస్నానం చేసి అన్నవరం ప్రయాణం, కొండమీద పీటల మీద కూర్చోవడం. రెండు రోజులు నిద్ర లేని పిల్లలకి కావలసింది నిద్ర. పెద్దవాళ్లు ఆచారం అంటే ఈ మాట చెప్పు: పెళ్లి లాంటి ఇంటి కర్మల పద్ధతి చెప్పే పాత గ్రంథం ఆపస్తంబ గృహ్యసూత్రం కొత్త దంపతుల్ని మూడు రాత్రులు నేల మీద పడుకుని బ్రహ్మచర్యం పాటించమంది. మధ్యలో గంధం పూసి, బట్టగానీ దారంగానీ చుట్టిన దండం ఒకటి ఉంచమంది. పెళ్లి తంతు ముగించే శేషహోమం నాలుగో రాత్రే. ఆగడం మన పద్ధతికి కొత్త కాదు. మీ పురోహితుడిగారిని ఇంకో మంచిరోజు చూడమని అడగండి. చుట్టాలు వెళ్లిపోయాక అయితే మీ ఇల్లే సరిపోతుందేమో కూడా.

రోజు మారడం కుదరకపోతే హోటలే నయం. మీ అమ్మ బాధ మాత్రం తీసిపారేసేది కాదు. కూతురి గదికి తన చేత్తో పూలు కట్టాలని ఆవిడ ఎన్నేళ్లుగా అనుకుంటోందో! సాయంత్రం ఇంట్లోనే దేవుడి దగ్గర దీపం పెట్టించి, ముత్తైదువుల చేత తాంబూలం ఇప్పించి, పళ్లూ పాల ఫ్లాస్కూ ఆవిడ చేతుల మీదుగా తీసుకుని బయల్దేరండి. ‘అడిగిన వాళ్లకి’ జవాబు కూడా అదే, కార్యం మా ఇంట్లోంచే చేశాం అని.

హోటల్ విషయంలో ఒక జాగ్రత్త. మా మేనకోడలి పెళ్లిలో తెల్లవారుజామున అయిదింటికి జంట వెళితే, గది మధ్యాహ్నం పన్నెండింటికి గానీ ఇవ్వమన్నారు. పట్టుచీరలో, తలంబ్రాలు ఇంకా జుట్టులో ఉండగానే ఆ పిల్ల సోఫాలో కూర్చుని నిద్రపోయింది. మీరు ఏ వేళకి చేరతారో ముందే చెప్పి ఒప్పించుకోండి. పొద్దున్నే వెళ్లేటట్టయితే ముందురోజు నుంచే బుక్ చెయ్యండి. ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి. నీ కార్డు మీద పుట్టింటి ఇంటిపేరున్నా టెన్షన్ పడకు, అది నీదని తెలిస్తే చాలు. పూలు కట్టనిస్తారా లేదా అని ఈ వారమే కనుక్కోండి.

చిన్న బ్యాగులో ఒక నూలు చీర, పెద్ద దువ్వెన పెట్టుకో. పూలజడ పిన్నులు తియ్యడానికే అరగంట పడుతుంది. ఆ పని ఆయన్ని చెయ్యమను.