రుణ మాఫీయా, పద్దు తీసివేతా?

సందేహం: పార్లమెంటులో బ్యాంకు బాకీల మీద చర్చ వచ్చినప్పుడల్లా ఒక ఛానెల్ ‘పెద్దోళ్లకి లక్షల కోట్ల రుణ మాఫీ’ అంటుంది, ఇంకోటి ‘రుణాల రద్దు’ అంటుంది, మా పక్కింటి బ్యాంకు ఉద్యోగేమో రెండూ తప్పే, రైట్ ఆఫ్ అనాలంటారు. మేం ఇంటి పన్ను ఒక్క ఆరు నెలలు ఆపితే వడ్డీతో సహా నోటీసు! తెలుగులో అసలేమనాలండీ? – ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: మీ పక్కింటాయన చెప్పిందే కరెక్టండీ. మాఫీ అంటే ఇంక నువ్వు కట్టక్కర్లేదు పో అని వదిలేయడం. 2008లో కేంద్రం రైతుల బాకీలకి చేసింది మాఫీ, రైతు బదులు ప్రభుత్వం బ్యాంకుకి కట్టింది. రైట్ ఆఫ్ అలా కాదు, 90 రోజులు దాటి వాయిదా కట్టకపోతే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, దానికి ఎదురుగా బ్యాంకు తన లాభాల్లోంచి సొమ్ము పక్కన పెట్టుకుంటూ పోతుంది, నాలుగేళ్లకి మొత్తం పెట్టేశాక ఆ పద్దుని బ్యాలెన్స్ షీటులోంచి తీసేస్తుంది. తీసేసేది పుస్తకంలోంచే, అప్పు తీసుకున్నోడి నెత్తిమీంచి కాదు. తాకట్టు ఆస్తి వేలం వెయ్యొచ్చు, మన విశాఖ డీఆర్‌టీలో, అంటే బ్యాంకు బాకీలు వసూలు చేయించే ట్రిబ్యునల్లో, కేసూ నడుస్తూనే ఉంటుంది.

ఈ తేడా మనవాళ్లకి కొత్తేం కాదు. ప్రోనోటు వెనక ‘చెల్లు’ రాస్తే సొమ్ము ముట్టినట్టు. ‘ఆ బాకీకి నీళ్లొదులుకున్నాం’ అంటే రాదని తేల్చుకున్నట్టు, అయినా నోటు చింపరు కదా, బీరువాలోనే ఉంచుతారు. అందుకే ‘పద్దు తీసివేత’ అనండి, హెడ్డింగుకైతే ‘లెక్కల్లోంచి తీసేశారు’ చాలు. ‘రద్దు’ మాత్రం అస్సలొద్దు, 2016లో నోట్ల రద్దు చూశాక ఆ మాట వింటే ఇంక చెల్లదనే ఎవరికైనా తడుతుంది.

బ్యాంకుల్ని వెనకేసుకొస్తున్నాననుకోకండి, నా బాధ దానికి పూర్తిగా వ్యతిరేకం. సభలో ‘మాఫీ చేశారు’ అని అడిగితే మంత్రిగారు ‘అది మాఫీ కాదు, బాకీదారు కట్టాల్సిందే’ అని ఒక్క ముక్కలో చెప్పి కూర్చుంటారు, చెప్పింది నిజమే కాబట్టి ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది. అదే ‘తీసేసిన పద్దుల్లోంచి ఎంత రాబట్టారు’ అని అడిగితే అంకె చెప్పాలి. 2022 డిసెంబరులో రాజ్యసభకి ఇచ్చిన జవాబుల ప్రకారం అయిదేళ్లలో బ్యాంకులు తీసేసింది సుమారు 10.09 లక్షల కోట్లు, అలా తీసేసిన ఖాతాల నుంచి వసూలైంది సుమారు 1.32 లక్షల కోట్లు. నిలదీయాల్సింది ఈ రెండంకెల మధ్య ఉన్న దూరాన్ని, తప్పు మాట పట్టుకుంటే అది కనపడకుండా పోతుంది.

ఇంక మీ ఇంటి పన్ను. బకాయి మీద నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది, ప్రభుత్వం ఎప్పుడైనా దాన్ని వదిలేస్తే అది వడ్డీ మాఫీ, అసలు పన్ను అలాగే ఉంటుంది. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కడితే తగ్గించే 5 శాతాన్ని రాయితీ అనాలి. ఈ రెంటినీ కలిపి ‘పన్ను మాఫీ’ అని రాస్తే చదివినోళ్లు కట్టడం ఆపేస్తారు, తర్వాత ఆ వడ్డీ వాళ్లే మొయ్యాలి.