గంటలు మోగితే ఎవరో పోయినట్టు కాదు

చిట్టీ,

మొన్న రాత్రి పదకొండింటికి మీ నాన్న ఫోను చేశాడు. ఆ వేళప్పుడు ఫోను మోగితే నాకు గుండె ఆగినంత పనవుతుంది. తీరా ఎత్తితే, నీకు మౌంట్ హోలియోక్‌లో సీటూ స్కాలర్‌షిప్పూ వచ్చాయన్న కబురు. అది పూర్తిగా చెప్పకుండానే, "ఆడపిల్లల కాలేజీకి అమెరికా దాకా పోవాలా అక్కా, గుంటూరులో లేవా?" అని మొదలుపెట్టాడు. 1987లో మీ తాతయ్య నన్ను అదే కాలేజీకి పంపేటప్పుడు వీడు నిక్కరు వేసుకుని నా సూట్‌కేసు మీద కూర్చుని ఏడ్చాడు. ఇప్పుడు తండ్రి గొంతుతో మాట్లాడుతున్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను. ఫోను పెట్టేశాక తెల్లవార్లూ నిద్ర లేదు. సగం సంతోషం, సగం భయం. ఫోనులో చెబితే నువ్వు ఊ కొడుతూ వేరే పని చేసుకుంటావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మామూలు సంగతులు ముందు అయిపోనీ. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, టీకాల పత్రాలు చేతిసంచిలో పెట్టుకో. చలికోటు ఇక్కడ కొనకు, అక్కడి జనవరికి మన ఊళ్లో దొరికే కోటు చొక్కాతో సమానం. ఆవకాయ సీసాకు రెండు కవర్లు వేయించు. బోస్టన్‌లో దిగితే కాలేజీ ఇంకా 90 మైళ్లు ఉంటుంది, కనెక్టికట్‌లోని బ్రాడ్లీ విమానాశ్రయమైతే దగ్గర. మిగతావి మీ అమ్మకు నాకన్నా బాగా తెలుసు.

ఎంసెట్ ర్యాంకు వచ్చిన పిల్ల ఆర్ట్స్‌లో చేరడమేమిటని చుట్టాలు మీ అమ్మ ప్రాణం తీస్తున్నారట. వాళ్ల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు వాదనకు దిగకు. లిబరల్ ఆర్ట్స్ అంటే మన ఆర్ట్స్ గ్రూపు కాదు. రసాయనశాస్త్రం చదువుతూనే తత్వశాస్త్రం తరగతిలోనూ కూర్చోవచ్చు, రెండో ఏడాది ముగిసేదాకా నీ ప్రధాన విషయం ఏమిటని ఎవరూ నిలదీయరు. మీ నాన్న గొణిగితే ఫ్రాన్సెస్ పెర్కిన్స్ పేరు చెప్పు. 1902లో అక్కడే పట్టా పుచ్చుకుంది, ప్రధానంగా చదివింది భౌతికశాస్త్రం. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో కార్మిక శాఖ చేపట్టింది. అమెరికా మంత్రివర్గంలోకి అడుగుపెట్టిన మొదటి స్త్రీ ఆవిడే. ఇక బిడ్డ పుట్టిన నిమిషానికి డాక్టర్లు మార్కులు వేస్తారే, ఆప్గార్ స్కోరని, దాన్ని తయారుచేసిన వర్జీనియా ఆప్గార్ కూడా ఆ కాలేజీలోనే చదివింది, 1929లో పట్టా పుచ్చుకుంది. నువ్వు పుట్టినప్పుడు నీకు తొమ్మిది వేశారు. ఆ పేరు ఎవరిదో నేను వరండాలో నిలబడి చెబుతూనే ఉన్నాను. మీ నాన్న వినలేదు, నీ వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

అది చిన్న చోటు, ఆ సంగతి నీకు ముందే తెలియాలి. మొత్తం కలిపి 2,200 మంది ఉంటారేమో. నేను గుంటూరులో ఇంటర్ చదివినప్పుడు సెక్షనుకు 80 మందిమి. వెనక బెంచీలో కూర్చుంటే హాజరు పట్టీలో అంకె తప్ప మనకు వేరే ఉనికి ఉండేది కాదు. అక్కడ నా ఇంగ్లీషు తరగతిలో 14 మందిమి, గుండ్రటి బల్ల చుట్టూ. గుండ్రటి బల్లకు వెనక బెంచీ ఎక్కడిది?

పరీక్షలు చూస్తే నువ్వు ఆశ్చర్యపోతావు. ఆఖరి పరీక్షల్లో చాలావరకు ఏది ఏ పూట రాయాలో నీ ఇష్టం. కవరు తీసుకుని, తరగతి గదిలో కూర్చుని రాసి, వేళకు తిరిగి ఇచ్చేయడమే. కాపలా ఉండదు, స్క్వాడ్ రాదు. పేపరు తేలికగా ఉందా, కష్టంగా ఉందా అన్నది కూడా తర్వాత రాయబోయేవాళ్లతో అనకూడదు. ఆనర్ కోడ్ అంటారు. చేరగానే ఆ నియమాలు చదివి మాట ఇవ్వాలి. నేను వాటిని రాత్రి రెండుసార్లు చదివి, తప్పుచేస్తే ఇంటికి పంపించేస్తారన్న ఒక్క ముక్కే బుర్రకు ఎక్కించుకున్నాను. అక్కడే నా కథ చెడింది.

రెండో నెలలో ఇంగ్లీషు మేడం ఐదు పేజీల వ్యాసం రాయమంది. మీ ఇంట్లో ఉండే ఏదైనా ఒక వస్తువు గురించి. నేను కుంచం గురించి రాశాను. రాశాను అంటే, భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశమని, రైతే దేశానికి వెన్నెముకని, ఇంటర్‌లో గైడు చూసి బట్టీపట్టిన వాక్యాలతో నాలుగు పేజీలు నింపాను. ఐదో పేజీకి గైడు అయిపోయింది. అప్పుడు వేరే దారిలేక మా నాయనమ్మ గురించి రాశాను. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఆవిడ 'ఒకటి' అనేది కాదు, 'లాభం' అనేది. తర్వాత రెండు, మూడు. చివర కుంచం నిండకపోతే చేత్తో చదును చేసి, గింజల వంక కాసేపు చూసేది.

వారం తర్వాత వ్యాసం తిరిగొచ్చింది. మార్కు లేదు. మొదటి పేజీ అంచున పెన్సిలుతో, ఇవి ఎవరి వాక్యాలు అని ప్రశ్న. దాని కింద, ఒకసారి వచ్చి కలువు అని.

మన బడిలో 'వచ్చి కలువు' అంటే ఏమిటో నీకూ తెలుసు. నాన్నగారిని తీసుకురా అనడానికి ముందు మెట్టు. నా మటుకు నాకు దొంగతనం బయటపడిపోయింది. విమానం టికెట్టు డబ్బు కోసం మీ తాతయ్య అర ఎకరం తాకట్టు పెట్టాడు. నన్ను ఇంటికి పంపేస్తే ఆయన బజారులో తలెత్తి ఎలా నడుస్తాడు? ఆ కాగితాలను మడిచి, పెట్టె అడుగున చీరల కింద దోపాను.

ఆ తర్వాత చేసినవి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆవిడ బూడిదరంగు కోటు కనబడితే లోయర్ లేక్ అనే చెరువు చుట్టూ తిరిగి, పావుగంట ఎక్కువ నడిచి వెళ్లేదాన్ని. ఒకసారి లైబ్రరీలో బీరువాల మధ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తరగతికి వెళ్లడం మానేశాను. 13 మంది, ఒక ఖాళీ కుర్చీ. ఒంట్లో బాగుందా అని అడుగుతూ నా గది తలుపు కిందనుంచి ఒక చీటీ వచ్చింది, ఆవిడదే. జవాబు రాయలేదు. చివరికి ఆ కోర్సు వదిలేసుకుని, పీడ వదిలిందనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఏడింటికి గంటలు మోగడం మొదలుపెట్టాయి, ఆగవు. వరండా అంతా కేకలు, పరుగులు. ఈరోజు తరగతులు లేవన్నారు. చెప్పాపెట్టకుండా సెలవంటే మన ఊళ్లో ఒకటే అర్థం కదా. ఎవరు పోయారని అడిగాను. అప్పటి అధ్యక్షుడు రీగన్‌కు ఏమైనా అయిందా అని కూడా అడిగాను. నా గదిలో పిల్ల బ్రష్షు నోట్లోనే ఉంచుకుని నన్ను వింతగా చూసింది. అది మౌంటెన్ డే. 1838 నుంచి ఉన్న ఆచారం, ఏ రోజన్నది గంటలు మోగేదాకా విద్యార్థులకు తెలియదు. అందరూ కలిసి మౌంట్ హోలియోక్ కొండ ఎక్కుతారు. వెయ్యి అడుగులు కూడా ఉండదు, మన కొండల ముందు దిబ్బ. కానీ పైనుంచి చూస్తే కనెక్టికట్ నది కొడవలిలా వంపు తిరిగి కనబడుతుంది, చుట్టూ ఎర్రబడిన ఆకులు. ఈ వర్ణన రెండో ఏడాదిది. మొదటి ఏడాది నేను వెళ్లలేదు. టీచర్లు కూడా వస్తారని విన్నాను, బూడిదరంగు కోటు గుర్తొచ్చింది. ఖాళీ భవనంలో కూర్చుని రసాయనశాస్త్రం రికార్డు రాసుకున్నాను. సాయంత్రం పిల్లలు ఎర్రటి బుగ్గలతో తిరిగొచ్చి, నా తలుపు దగ్గర కాసేపు నిలబడి, నేను పుస్తకం దించకపోయేసరికి వెళ్లిపోయారు. మర్నాటినుంచి పిలవడం మానేశారు. తప్పు వాళ్లది కాదు.

మే నెలలో పెట్టె సర్దుతుంటే ఆ కాగితాలు చేతికొచ్చాయి. పారేద్దామని తీశాను. ఆఖరి పేజీ వెనకవైపు నిండా పెన్సిలు రాత ఉంది. అన్నాళ్లూ తిప్పి చూడనే లేదు. మొదటి నాలుగు పేజీలూ ఎక్కడో విన్నట్టున్నాయని, నాయనమ్మ పేరా మాత్రం నీదని, అక్కడ మొదలుపెట్టి మళ్లీ రాయమని ఉంది. కింద ఇంకో ప్రశ్న. ఒకటి అనకుండా లాభం అని ఎందుకంటారు, వచ్చి చెబుతావా, వినాలని ఉంది అని.

పరుగెత్తాను. తలుపు మీద పేరు లేదు. ఆవిడ ఏడాది ఒప్పందం మీద వచ్చినావిడట, వారం ముందే వెళ్లిపోయింది. కొత్త చిరునామా సంపాదించగలిగేదాన్నే. ఆ వేసవిలో మూడు ఉత్తరాలు మొదలుపెట్టి మూడూ చించాను. ఎందుకు చించానో అడగకు. నీకు తెలుసు, ఎందుకంటే నీదీ అదే రక్తం. ఏడో తరగతిలో కళ్లద్దాలు కావాలని చెప్పలేక ఏడాదంతా పక్కపిల్ల పుస్తకంలోనుంచి బోర్డు మీది లెక్కలు ఎక్కించుకున్న పిల్లవి నువ్వు. నీకు మార్కులు తగ్గుతాయన్న భయం నాకు లేదు. నీ అంతట నువ్వే మాయమైపోతావన్నదే నా భయం. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నువ్వు పెట్టినా వద్దనే రకం. నీ మీద కోపంతో అనడం లేదు తల్లీ.

అందుకని, ప్రతి టీచరు తలుపు మీదా ఆఫీసు వేళల కాగితం, అంటే పిల్లలు వచ్చి కలవగలిగే వేళలు, అంటించి ఉంటుంది. ఆ వేళకు చాలామంది ఒంటరిగానే కూర్చుని ఉంటారు. మొదటి రెండు వారాల్లో అందరి దగ్గరికీ ఒకసారి వెళ్లు. ప్రశ్న లేకపోయినా వెళ్లు. ఏం మాట్లాడాలో తోచకపోతే కుంచం సంగతి చెప్పు, నీకు ఇచ్చేశాను.

కాగితం ఏది చేతికొచ్చినా వెనక్కి తిప్పి చూడు.

రాత్రిళ్లు హాస్టల్లో పాలూ బిస్కెట్లూ పెడతారు. ఆకలి లేకపోయినా గదిలోంచి బయటికి వచ్చి కూర్చో. ఆమ్హర్స్ట్, స్మిత్ కాలేజీలకు బస్సులో వెళ్లి అక్కడి కోర్సులూ చదవవచ్చు, రాత్రి ఆఖరి బస్సు వేళ మాత్రం కనుక్కుని వెళ్లు. 2014 నుంచి ట్రాన్స్ విద్యార్థులనూ చేర్చుకుంటున్నారు. ఎవరిని ఎలా పిలవమంటే అలా పిలువు. మన 'తను'కు ఆడా మగా తేడా లేదు, ఇంగ్లీషులో మాత్రం కాస్త నాలుక తిప్పాలి. గడ్డకట్టిన చెరువు మీద కాలు పెట్టకు. స్నేహితులు పెట్టినా సరే. అర్ధరాత్రి ఆ మంచు పగిలే చప్పుడు నేను మంచం మీదనుంచి విన్నాను, ఇప్పటికీ కలలో వస్తుంది.

కాలేజీ పెట్టిన మేరీ లయన్ సమాధి ఆ ఆవరణలోనే ఉంది. ఆవిడ ఆకుపచ్చ మఖ్మల్ సంచి పట్టుకుని ఊరూరా చందాలు అడిగి 1837 నవంబరు 8న బడి తెరిచింది. ఏడాదికి 60 డాలర్లు, వంటా అంట్లూ పిల్లలవే. ఏటా నవంబరులో పొద్దున్నే ఆ సమాధి దగ్గర చలిలో ఐస్‌క్రీము తింటారు. ఈ సంగతి మీ నానమ్మకు నేను ఇంతవరకూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

గంటలు మోగితే బూట్లు వేసుకో. చెవులు కప్పుకో.

నీ అత్త

తా.క. దీనికి జవాబు రాయి. ఫోనులో నవ్వు మొహం బొమ్మ పంపితే జవాబు కింద లెక్కవేయను.