ఎఫ్‌ఎస్‌ఏ డబ్బుతో డీఎన్‌ఏ కిట్ కొనే ముందు

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. జీతం మీద పన్ను పడకముందే వైద్య ఖర్చులకని ఆఫీసు ద్వారా పక్కన పెట్టే ఎఫ్‌ఎస్‌ఏ ఖాతాలో ఇంకా 900 డాలర్లు మిగిలాయి, డిసెంబరు దాటితే గంగలో కలుస్తాయి, అందుకని ఉమ్మి పట్టి పంపే డీఎన్‌ఏ కిట్లు మూడు, నీకొకటి, అల్లుడు గారికొకటి, గుంటూరులో మీ అమ్మకొకటి కొనేయనా పెద్దమ్మా అని అడిగావు. ఇలా అయితే కొనకు. ఎందుకో చెబుతాను కానీ కాస్త పొడుగవుతుంది. ఇన్నేళ్లు బెనిఫిట్స్ డిపార్ట్‌మెంట్‌లో క్లెయిముల కాగితాలు తిరగేసిన దాన్ని, ఈ విషయం ఎత్తితే నన్ను ఆపడం మీ పెదనాన్న వల్ల కూడా కాదు.

డబ్బు సంగతి తర్వాత చూద్దాం. అసలు ఈ పరీక్షతో నువ్వు ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు? సరదాకి అయితే ఒక లెక్క. కానీ నీ భయం ఏమిటో నాకు తెలుసు, మీ నాన్నమ్మకి అండాశయ క్యాన్సర్, మీ మేనత్తకి 43 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్. మరి ఆ రెండూ నాన్న వైపు అయినప్పుడు కిట్ మీ అమ్మకెందుకు? ఆడవాళ్ల జబ్బు కదా, అమ్మ నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు, చదువుకున్నవాళ్లు కూడా. ఈ రెండు క్యాన్సర్లతో ముడిపడిన బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో తేడా ఉంటే అది తండ్రి నుంచైనా అంతే వస్తుంది, సగానికి సగం అవకాశం. మీ నాన్నకి అది ఉండి కూడా ఆయన నిక్షేపంగా తిరుగుతూ ఉండొచ్చు. కాబట్టి నీ ప్రశ్నకి మీ అమ్మ ఉమ్మితో పని లేదు.

ఇంకో మాట. ఇంటికి తెప్పించుకునే ఈ కిట్లు ఆ జన్యువులని మొత్తం చదవవు. ఇలాంటి కిట్లు అమ్మే 23అండ్‌మీ కంపెనీకి ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకీ పరీక్షలకీ అనుమతిచ్చే సంస్థ) 2018లో అనుమతి ఇచ్చినప్పుడు ఆ కిట్ చూసింది మూడే మూడు మార్పులు, అవీ అష్కెనాజీ యూదుల్లో (యూరప్ మూలాలున్న యూదులు) ఎక్కువగా కనిపించేవి. 2023లో ఆ జాబితాని 44కి పెంచారు. కానీ ఈ రెండు జన్యువుల్లో ప్రమాదకరమైన మార్పులు వెయ్యికి పైనే ఉన్నాయి. గుంటూరు జిల్లా ఆడపిల్లకి ఆ 44లో ఏదీ లేదని రిపోర్టు వస్తే దాని అర్థం ఆ 44 లేవని, అంతే. అది చూసి నువ్వు హమ్మయ్య అనుకుని మామోగ్రామ్ మానేస్తావేమోనని నా బెంగ. ఆ కిట్లలో ముడి డేటా అని ఒకటి డౌన్‌లోడ్ చేసుకోనిస్తారు, దాన్ని ఇంకో వెబ్‌సైట్‌లో వేసి చూస్తే ఏదో పెద్ద జబ్బు ఉందని ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. అలా వచ్చినవాటిని ఒక ల్యాబ్ మళ్లీ సరైన పరీక్షతో చూస్తే 40 శాతం తప్పని తేలిందని 2018లో ఒక పరిశోధన వచ్చింది. ఏది చెప్పినా డాక్టరు దగ్గర మళ్లీ చేయించుకోవాల్సిందే.

మనవాళ్లకి ఉండే తేడాలు వేరు కూడా. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు వదులు కావడానికి ఇచ్చే ఒక మందు పడదు, దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒంట్లో తక్కువ, మామూలుగా నిమిషాల్లో వదలాల్సిన మందు గంటల తరబడి వదలదు. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు కూడా కలిసి చేసిన 2017 నాటి పరిశోధనలో దీన్ని ఒక ఉదాహరణగా చూపించారు, తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకున్న కులాల్లో ఇలాంటివి పోగుపడతాయని. మేనరికాలు ఎక్కువగా చేసుకునే ఇళ్ల సంగతి వేరే చెప్పాలా. ఇవన్నీ బజారు కిట్ చూస్తుందని ఆశ పెట్టుకోకు. రేపు మీరిద్దరూ పిల్లల గురించి ఆలోచిస్తే పిల్లలకి వచ్చే జబ్బుల జన్యువులు మీలో దాగి ఉన్నాయేమో చూడ్డానికి అప్పుడు క్యారియర్ స్క్రీనింగ్ అని గైనకాలజిస్ట్ రాస్తుంది, అది వేరే పరీక్ష.

సరే, మరి ఏం చేయాలి? ముందు మీ ఫ్యామిలీ డాక్టరుకి పోర్టల్‌లో మెసేజ్ పెట్టు. ఊరికే "జెనెటిక్ టెస్ట్ కావాలి" అని రాయకు. నాన్నమ్మకి అండాశయ క్యాన్సర్, ఏ వయసులో, మేనత్తకి రొమ్ము క్యాన్సర్ 43లో, ఇద్దరూ తండ్రి వైపు, జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి రిఫరల్ కావాలి, ఇలా రాయి. ఇంట్లో ఇలాంటి చరిత్ర ఉన్న ఆడవాళ్లకి ప్రమాదం ఎంతుందో అంచనా వేసి, అవసరమనిపిస్తే కౌన్సెలింగ్, ఆపైన బీఆర్‌సీఏ పరీక్ష చేయించాలని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2019లో మళ్లీ చెప్పింది, దానికి 'బి' గ్రేడు ఇచ్చింది. 'బి' గ్రేడు వచ్చిందంటే ఒబామాకేర్ చట్టం ప్రకారం మామూలు ఇన్సూరెన్స్ ప్లాన్లు కోపే (ప్రతిసారీ మనం కట్టే వంతు), డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మనమే పెట్టుకునే మొత్తం) లేకుండా భరించాలి, నెట్‌వర్క్‌లో చేయించుకుంటే. అంటే నువ్వు ఎఫ్‌ఎస్‌ఏలో నుంచి తీసి కొనాలనుకున్న దానికంటే మంచి పరీక్ష నీకు ఉచితంగా రావచ్చు. పన్ను లేని డాలరు కంటే అసలు ఖర్చు కాని డాలరు మేలు కదా. ఒకవేళ ఇన్సూరెన్స్ వాళ్లు కాదన్నా, డాక్టరు రాస్తే సొంత డబ్బుతో 250 డాలర్ల చుట్టుపక్కల పూర్తి పరీక్ష చేసే ల్యాబ్‌లు ఉన్నాయి, అవి కూడా ఉమ్మి ట్యూబు ఇంటికే పంపుతాయి. ఆ మొత్తం ఎఫ్‌ఎస్‌ఏలో నిక్షేపంగా చెల్లుతుంది, ఎవరూ పేచీ పెట్టరు.

కౌన్సెలర్ నిన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదీ అని ఇప్పుడే చెబుతున్నాను: మీ మేనత్తకి పరీక్ష చేశారా? జబ్బు వచ్చిన మనిషికే ముందు చేయాలి. ఆవిడకి ఫలానా మార్పు ఉందని తేలితే నీకు ఆ ఒక్కటి వెతికితే చాలు, లేదంటే లేదని గట్టిగా చెప్పగలుగుతారు. ఆవిడకి చేయకుండా నీకు మాత్రం చేస్తే, ఏమీ కనపడకపోయినా అనుమానం అలాగే ఉంటుంది. పైగా మనలాంటివాళ్లకి "ఇది మంచిదో చెడ్డదో ఇంకా తెలియదు" అనే తరహా ఫలితం తెల్లవాళ్లకంటే ఎక్కువగా వస్తుంది, మన డీఎన్‌ఏ మీద జరిగిన పరిశోధన తక్కువ కాబట్టి. విజయవాడలో ఆవిడకి వైద్యం చేసిన ఆంకాలజిస్టునే అడగమను, శాంపిల్ హైదరాబాద్ పంపి అయినా చేయిస్తారు.

ఆ ఖర్చు నీ ఎఫ్‌ఎస్‌ఏలో పెడదామనుకుంటావేమో, కుదరదు. ఈ ఖాతాలు నీకు, నీ భర్తకి, పిల్లలకి, నువ్వు పన్ను లెక్కల్లో డిపెండెంట్‌గా చూపించగలిగేవాళ్లకి మాత్రమే. ఇండియాలో ఉండే అమ్మానాన్నలని నువ్వు నెలనెలా డబ్బు పంపి పోషిస్తున్నా సరే డిపెండెంట్లుగా చూపించలేవు, ఆ మనిషి అమెరికా పౌరులో, అమెరికా, కెనడా, మెక్సికోల్లో నివాసమున్నవాళ్లో అయి ఉండాలి. విజిటర్ వీసా మీద వచ్చి మూడు నెలలు మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన అవ్వదు. మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే, కార్డు గీస్తే మిషన్ ఒప్పుకుంది కదా అనుకుంటారు. మిషన్‌కేం తెలుసు ఆ ఉమ్మి ఎవరిదో. హెచ్‌ఎస్‌ఏ (హై డిడక్టిబుల్ ప్లాన్ ఉన్నవాళ్లు వైద్యానికని పన్ను లేకుండా దాచుకునే సొంత ఖాతా) నుంచి అలా తీస్తే దాని మీద మామూలు పన్నుతో పాటు, 65 ఏళ్లు నిండకపోతే ఇంకో 20 శాతం జరిమానా. అదే నువ్వు సెలవులకి వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో నీకోసం పరీక్ష చేయించుకుంటే అది చెల్లుతుంది, రిసీటు మీద నీ పేరు, తేదీ, పరీక్ష పేరు ఉండాలి, రూపాయలని ఆనాటి రేటుకి డాలర్లలోకి మార్చి రాసి పెట్టుకో.

ఇంతా చెప్పినా కిట్ కావాలంటే, సరే, కానీ లెక్క తెలుసుకో. మీ పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారు, నాలుగో తరం కజిన్లు ఎవరు అన్నది వైద్యం కాదు, దానికి ఈ డబ్బు వాడకూడదు. ఆరోగ్యం రిపోర్టులు, పూర్వీకుల రిపోర్టు కలిపి అమ్మే కిట్ గురించి 2019లో ఐఆర్‌ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, ఒక ఉత్తరం ఇచ్చింది, ధరని న్యాయంగా విడగొట్టి వైద్యం భాగం వరకు చూపించుకోవచ్చని. అలాంటి ఉత్తరం అడిగినవాళ్ల వరకే చెల్లుతుంది, చట్టం కాదు, కానీ దాని తర్వాత ఈ ఖాతాలు నడిపే అడ్మినిస్ట్రేటర్లు ఆ దారిలోనే చూస్తున్నారు. అందుకని కిట్‌కి ఎఫ్‌ఎస్‌ఏ కార్డు గీయకుండా నీ మామూలు కార్డుతో కొను, ఎంత భాగం ఆరోగ్యానిదో కంపెనీ నుంచి కాగితం తీసుకో, అంతవరకే క్లెయిమ్ వెయ్యి. వేరే రెండు అవస్థలు కూడా ఉన్నాయి. ఎఫ్‌ఎస్‌ఏలో ఖర్చు ఎప్పటిది అన్నది డబ్బు కట్టిన రోజుని బట్టి కాదు, సేవ అందిన రోజుని బట్టి. డిసెంబరు 28న ఆర్డర్ చేసి సంక్రాంతికి ఉమ్మి పంపితే అది ఏ సంవత్సరానిది అని పేచీ. రెండోది, 23అండ్‌మీ దగ్గర 2023లో దాదాపు 69 లక్షల మంది సమాచారం దొంగల చేతికి పోయింది, 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, తర్వాత చేతులు మారింది. ఆసుపత్రి రికార్డులకి ఉండే హిపా చట్టం రక్షణ ఇలాంటి కంపెనీలకి సాధారణంగా వర్తించదు. డెబిట్ కార్డు నంబరు పోతే మార్చుకుంటాం, డీఎన్‌ఏ ఎలా మారుస్తాం.

టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకుంటాం అని వేసవిలో అన్నారు కదా మీరిద్దరూ, తీసుకున్నారా? లేకపోతే ఏ పరీక్షకైనా ముందు అది పూర్తి చేయండి. జన్యు ఫలితం చూసి వివక్ష చూపకుండా 2008 నాటి జీనా చట్టం కాపాడేది హెల్త్ ఇన్సూరెన్స్, ఉద్యోగం విషయాల్లో మాత్రమే. లైఫ్ ఇన్సూరెన్స్, డిజెబిలిటీ, లాంగ్ టర్మ్ కేర్ వాళ్లు జన్యు పరీక్ష చేయించుకున్నావా అని అడగొచ్చు, ఫలితం చూసి ప్రీమియం పెంచొచ్చు, ఇవ్వనూ పోవచ్చు. అబద్ధం రాస్తే రేపు క్లెయిమ్ రోజున బయటపడుతుంది. అలాగని పరీక్షని ఏడాది వాయిదా వెయ్యకు, పాలసీ పని నెలలో అయిపోతుంది.

ఇప్పుడు ఆ 900. దీని గురించి నువ్వు అడగని సంగతి ఒకటుంది, నాకు అదే ఎక్కువ టెన్షన్. అల్లుడు గారు జనవరి నుంచి హై డిడక్టిబుల్ ప్లాన్‌కి మారి హెచ్‌ఎస్‌ఏ మొదలుపెడుతున్నారన్నావు. మంచిదే, ఫ్యామిలీ ప్లాన్ అయితే 2026కి 8,750 డాలర్ల దాకా వేసుకోవచ్చు, పేరోల్ ద్వారా వేస్తే ఆదాయ పన్నుతో పాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత 7.65 శాతం కూడా తప్పుతుంది. 22 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి వంద డాలర్ల ఖర్చు మీద దగ్గర దగ్గర 30 మిగిలినట్టే. (మీ టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్నే లేదు, మా న్యూజెర్సీలోనూ కాలిఫోర్నియాలోనూ రాష్ట్రం హెచ్‌ఎస్‌ఏని గుర్తించదు, మేం ఏడుస్తూ కడతాం.) కానీ నీకు మామూలు ఎఫ్‌ఎస్‌ఏ ఉన్నంత కాలం ఆయన హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయడానికి అర్హుడు కాడు, ఎందుకంటే నీ ఎఫ్‌ఎస్‌ఏ ఆయన వైద్య ఖర్చు కూడా ఇస్తుంది కాబట్టి. వేరే కంపెనీలు కదా, వాళ్లకెలా తెలుస్తుంది అనకు. వాళ్లకి తెలియదు, ఆడిట్ వస్తే ఐఆర్‌ఎస్‌కి తెలుస్తుంది. నీ కంపెనీ మిగిలింది వచ్చే ఏడుకి మోసుకెళ్లనిస్తే (క్యారీ ఓవర్ అంటారు), 2025 నుంచి 2026కి అయితే 660 దాకా, ఆ మోసుకెళ్లిన డబ్బు వల్ల కూడా ఆయనకి ఏడాదంతా అడ్డమే. మిగిలింది ఖర్చు పెట్టుకోవడానికి గ్రేస్ పీరియడ్ అని మార్చి 15 దాకా ఇచ్చినా దాదాపు ఇదే తలనొప్పి. కాబట్టి డిసెంబరు 31 నాటికి నీ ఖాతా సున్నా అవ్వాలి, వచ్చే ఏడుకి మళ్లీ మామూలు ఎఫ్‌ఎస్‌ఏ ఎంచుకోకూడదు. పళ్లకీ కళ్లకీ మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ అని ఉంటే అది పెట్టుకో, దానితో గొడవ లేదు.

సున్నా చేయడం ఏం కష్టం? నీ కళ్లజోడు గీతలు పడి ఎన్నాళ్లయింది. ఆయన పంటి పని వాయిదా వేస్తున్నాడన్నావు, ఈ నెలలోనే కుర్చీలో కూర్చోబెట్టు. 2020 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే మందులు, శానిటరీ ప్యాడ్లు కూడా చెల్లుతున్నాయి, సన్‌స్క్రీన్ అయితే అంతకు ముందు నుంచే. కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ డిసెంబరులోపు దొరికి, ఇన్సూరెన్స్ కాదంటే పరీక్ష ఖర్చూ ఇందులోనే పెట్టు. ఒకవేళ జనవరి తర్వాతకి జరిగితే ఆయన హెచ్‌ఎస్‌ఏ ఉంది, అందులో నీ ఖర్చు కూడా పెట్టొచ్చు, కాకపోతే ఖాతా తెరిచిన తేదీ తర్వాతి ఖర్చే అయి ఉండాలి. హెచ్‌ఎస్‌ఏలో డబ్బు తీసేటప్పుడు రిసీటు ఎవరూ అడగరు, అందుకే అందరూ పారేస్తారు. నువ్వు ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో పడెయ్, పదేళ్ల తర్వాత కూడా ఆ రిసీటు ఆధారంగా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, గడువేమీ లేదు.

మీ మేనత్తతో నువ్వు ఫోన్‌లో మాట్లాడకు, ఇది మీ నాన్న మాట్లాడాల్సిన విషయం, ఆవిడ కూతుళ్లకి కూడా పనికొస్తుందని చెప్పమను, అప్పుడు ఒప్పుకుంటుంది. ఈ ఆదివారం నేనే మీ నాన్నకి చేసి చెబుతాను. నువ్వు ఈలోపు డాక్టరుకి మెసేజ్ పెట్టి, మీ బెనిఫిట్స్ పోర్టల్‌లో ఎఫ్‌ఎస్‌ఏ ప్లాన్ డాక్యుమెంట్ వెతికి, అందులో క్యారీ ఓవర్ అని ఉందో గ్రేస్ పీరియడ్ అని ఉందో ఆ పేజీ ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి. అల్లుడు గారి ఎన్‌రోల్‌మెంట్‌కి ఆఖరి తేదీ ఎప్పుడో కూడా కనుక్కుని చెప్పు.

పెద్దమ్మ