కొబ్బరిబోండాల కత్తిని బాగా పదును పెడితే అంచు ఎందుకు పెచ్చులూడుతుంది?

ముందు కోణం చూడండి. వంటింటి కత్తికి పెట్టినట్టు ఒక్కో వైపు 15 డిగ్రీలకు నూరితే అంచు మరీ పలచనై దెబ్బకి ఆగదు. 25 డిగ్రీల దగ్గర ఉంచి, అంచు వెనక భాగాన్ని మాత్రం పలచగా అరగదీయండి. కత్తి లోపలికి దిగడం చాలావరకు అక్కడి మందం మీదే ఆధారపడుతుంది, చాలామంది పట్టించుకోనిది అదే.

కోణం సరిగ్గానే ఉన్నా ఊడుతుంటే లోపం కొలిమి దగ్గరిది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గాజులా పెళుసు. దాన్ని మళ్లీ 250 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడిచేస్తే కాస్త మెత్తబడి దెబ్బ తట్టుకుంటుంది. లారీ కమాను పట్టీతో చేసిన కత్తికి ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 55-57 చాలు. అన్నట్టు, గ్రైండర్ మీద నూరేటప్పుడు నీళ్లలో ముంచుతూ ఉండండి. అంచు నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే.