టైరుకి కూడా అప్పేనా? ముందు ఆ ఆలోచన మానండి

ప్రశ్న: ఒంగోలులో ఉంటాను. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. జీతం 19,000. ఇంటి ఖర్చులు, 2,000 చీటీ పోను నెలకు 1,500 మిగులుతాయి. బ్యాంకులో 6,000 ఉన్నాయి. నా బండి 2010 మోడల్ స్ప్లెండర్, స్పోక్ చక్రాలు. రోజూ రానూపోనూ 45 కిలోమీటర్లు తిరుగుతాను. రెండు నెలల్లో వెనక టైరు నాలుగుసార్లు పంక్చర్ అయింది. అల్లాయ్ వీల్స్ వేసి ట్యూబ్‌లెస్ టైర్లకు మారితే ఈ బాధ ఉండదని, మొత్తం 13,500 అవుతుందని మెకానిక్ చెప్పాడు. ఒక లోన్ యాప్ 12,000 ఇస్తానంటోంది. 1,500 ముందే పట్టుకుని, మూడు నెలలు 4,500 చొప్పున కట్టమంటోంది. లేదంటే మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టాలి. ట్యూబా, ట్యూబ్‌లెస్సా? అప్పు ఎక్కడ తీసుకోమంటారు? బండి ఇన్సూరెన్స్ అయిపోయి రెండేళ్లయింది. పాతది కదా అని మళ్లీ కట్టలేదు.

జవాబు: టైరు సంగతి ముందు తేల్చేద్దాం. ట్యూబ్‌లెస్ మంచిదే, కాదనను. మేకు దిగినా గాలి మెల్లగా దిగుతుంది, చక్రం ఊడదీయకుండానే రోడ్డు పక్కన రంధ్రంలో రబ్బరు స్ట్రిప్ దూర్చి పంపిస్తారు. ట్యూబ్ అయితే ఒక్కసారిగా గాలి పోయి బండి ఊగిపోతుంది. కానీ మీ స్పోక్ చక్రానికి ప్రతి చువ్వ దగ్గరా ఒక రంధ్రం ఉంటుంది. అందులో గాలి నిలవదు. అందుకే చక్రాలే మార్చాలని మీ మెకానిక్ అన్నాడు. స్పోక్ రిమ్ మీద ట్యూబ్‌లెస్ టైరు వేసి లోపల ట్యూబ్ పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, ట్యూబ్‌లెస్ వల్ల వచ్చే లాభమంతా అక్కడే పోతుంది. పదిహేనేళ్ల బండికి 13,500 పెట్టి చక్రాలు మార్చడం మీ జీతానికి తగిన పని కాదు. ఎప్పుడైనా బండి మారిస్తే అప్పుడు ట్యూబ్‌లెస్ ఉన్నదే తీసుకోండి.

అసలు నాలుగు పంక్చర్లు ఎందుకయ్యాయో ఎవరైనా చూశారా? ఈసారి షాపులో ట్యూబ్‌ను నీళ్ల తొట్టిలో ముంచినప్పుడు దగ్గర నిలబడండి. బుడగలు టైరు వైపు నుంచి వస్తే టైరు లోపలి భాగాన్ని వేళ్లతో నెమ్మదిగా తడిమి చూడమనండి. చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ ముక్క ఒకటి టైరులో ఇరుక్కుపోయి ఉంటే, ఎన్ని ప్యాచ్‌లు వేసినా మళ్లీ అక్కడే పొడుస్తుంది. బుడగలు రిమ్ వైపు నుంచి వస్తే చువ్వల చివరలు ట్యూబ్‌కు తగలకుండా వేసే రబ్బరు పట్టీ, అంటే రిమ్ టేప్ చిరిగి, తుప్పుపట్టిన చువ్వ చివర ట్యూబ్‌ను కోస్తోందన్న మాట. రెండు చిన్న రంధ్రాలు పక్కపక్కనే కనిపిస్తే గాలి తక్కువ పెట్టి గుంతల్లో నడుపుతున్నారు. టైరు అరిగిపోయి ఉంటే కొత్త టైరు, ట్యూబ్, రిమ్ టేప్ కలిపి 2,300 అటూ ఇటూ అవుతుంది. కొనేటప్పుడు టైరు పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. 2219 అని ఉంటే అది 2019లో 22వ వారం తయారైంది, తీసుకోవద్దు.

ఇక అప్పు మాట. యాప్ 12,000 అంటోంది కానీ మీ చేతికి వచ్చేది 10,500. తిరిగి కట్టేది 13,500. మూడు నెలలకు మూడు వేలే కదా అనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే నూటికి నెలకు 13 రూపాయల పైనే పడుతోంది. మన ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే గుండె మీద చెయ్యి వేసుకుంటాం. నెలకు 1,500 మిగిలే మనిషి 4,500 వాయిదా ఎక్కడి నుంచి తెస్తాడు? ఇంకో యాప్ నుంచే. పొదిలి నుంచి ఒకాయన నా దగ్గరకు వచ్చేనాటికి ఆయన ఫోన్‌లో ఐదు యాప్‌లు ఉన్నాయి. మొదటిది బండి ఇంజిన్ పని కోసం తీసుకున్నారట. ఆ కాల్స్ టెన్షన్‌కి ఆయన నిద్రపోయి నెలైంది. దయచేసి ఆ దారిలోకి వెళ్లకండి. గొలుసు తాకట్టు యాప్ కంటే నయమే, కానీ టైరు కోసం పెట్టేది కాదు.

మీ ఉత్తరం ఎంచుకున్నది అసలు ఈ మాట చెప్పడానికే. నెలకు దాదాపు 1,200 కిలోమీటర్లు తిరిగే బండికి వెనక టైరు ఏడాదిన్నర, రెండేళ్లకోసారి మార్చాల్సిందే. చైన్ సెట్, బ్రేక్ షూలు కూడా అంతే. ఇవి ముందే తెలిసిన ఖర్చులు. వీటికే అప్పు వెతుక్కుంటున్నారంటే రేపు పిల్లలకు జ్వరం వచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే, యూనిట్ నెల రోజులు మూతపడితే ఏం చేస్తారు? నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే. అత్యవసర నిధి అంటే జీతం ఎక్కువున్న వాళ్ల సంగతి అనుకుంటారు. జీతం తక్కువ ఉన్న వాళ్లకే అది ముందు కావాలి.

మీ ఇంటి ఖర్చు నెలకు 15,500. మూడు నెలలకు 46,500 పక్కన ఉండాలి. ఉన్న 6,000లో టైరుకు, ఇన్సూరెన్స్‌కు పోగా 2,500 మిగులుతాయి. వేరే బ్యాంకులో ఒక ఖాతా తెరిచి అవి అందులో వేయండి. దానికి యూపీఐ పెట్టుకోవద్దు, ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉంచండి. మిగులుతున్న 1,500లో 400 బండి కోసం విడిగా పెట్టి, 1,100 జీతం పడ్డ రోజే ఆ ఖాతాకు పంపండి. చీటీ ఇంకెన్ని నెలలుందో మీరు రాయలేదు. ఎంతున్నా, తొందరపడి తక్కువకు పాడుకోకుండా చివరిదాకా ఆగి ఎత్తుకోండి. ఆ డబ్బుకు టీవీ, ఫ్రిజ్ అని ముందే పేర్లు పెట్టకండి. ఉదాహరణకు 40,000 చీటీ ఏడు నెలల్లో చేతికొస్తే, నెలనెలా వేసిన 7,700, మొదటి 2,500 కలిపి 50,000 దాటుతుంది.

ఇన్సూరెన్స్ లేకుండా రెండేళ్లు ఆ రోడ్డు మీద తిరిగారని చదివి నిజంగా భయం వేసింది. రాళ్ల లారీల మధ్య మీ బండి ఎవరికైనా తగిలి వాళ్లకు ఏమైనా జరిగితే, ప్రమాద కేసులు చూసే ట్రిబ్యునల్ చెప్పిన పరిహారం మొత్తం మీరే కట్టాలి. బండి పాతదైనా ఆ పరిహారం తగ్గదు. పోలీసులకు దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా. 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, జీఎస్టీ అదనం. దాంతోపాటు నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పకుండా తీసుకోండి. దానికి మీ లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి. రెండూ కలిపి సుమారు 1,200లో అయిపోతుంది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, సురక్షా బీమా యోజన కూడా కట్టేయండి. బండి ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండాయేమో చూసుకుని, నిండితే రెన్యువల్ చేయించండి.

ముందు యాప్ తీసేయండి. పాలసీ కాగితం చేతికొచ్చేదాకా చీమకుర్తికి బస్సులో వెళ్లండి. టైరు ఆదివారం మార్పించుకోవచ్చు.